నలభై వేల పాత వీణ జర్మనీ చేరేసరికి లక్ష దాటింది: కస్టమ్స్, కనబడని ఖర్చులు ముందే లెక్కేసుకోవడం ఎలా

2025 సెప్టెంబరులో విజయనగరం నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. “మీ వీణ టీచరుగారు ఇల్లు ఖాళీ చేసి వాళ్లమ్మాయి దగ్గరికి బెంగళూరు వెళ్లిపోతున్నారమ్మా. వీణ నీకే ఇస్తానంటున్నారు. ఎవరికి పడితే వాళ్లకి అమ్మబుద్ధి కావట్లేదట” అన్నాడు. ఆ వీణ మీదే నేను సరళీ స్వరాలు నేర్చుకున్నాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసిన ఏకాండి వీణ అది. నాదం పలికే గుండ్రటి కుండ, మెట్లుండే పొడవాటి దండి అన్నీ ఒకే పనస మానులోంచి తొలిచినవి. నలభై వేలు ఇమ్మన్నారు. మరో మాట లేకుండా సరేనన్నాను.

జర్మనీలో మా గుమ్మం ముందు ఆ పెట్టె దిగేసరికి అయిన ఖర్చు లక్షా రెండు వేలు. వీణ మా ఇంటికి వచ్చినందుకు ఎంత సంతోషమో చెప్పలేను. కానీ పైన పడిన అరవై రెండు వేలలో చాలా భాగం, ముందు నాలుగు ప్రశ్నలు అడిగి ఉంటే పడేదే కాదు. ఇక్కడ పిల్లలకి సంగీతం నేర్పిస్తున్న మనవాళ్లు చాలామంది ఊళ్లో ఉన్న వీణలు, వయొలిన్లు, హార్మోనియంలు తెప్పించుకోవాలని చూస్తున్నారు. వాళ్లు నాలాగా తడుముకోకూడదని ఇదంతా రాస్తున్నాను. లెక్కలు జర్మనీవి. ఐరోపా సమాఖ్య (ఈయూ)లో మిగతా దేశాల్లో కస్టమ్స్ సుంకం ఇదే ఉంటుంది, వ్యాట్ మాత్రం మారుతుంది: ఇక్కడ 19 శాతం, నెదర్లాండ్స్‌లో 21, ఐర్లండ్‌లో 23, స్వీడన్‌లో 25.

పాతదైనా పన్ను పన్నే

“వాడేసిన వస్తువే కదా, దానికేం పన్ను వేస్తారు?” అని నాతో చాలామంది అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కస్టమ్స్ వాళ్లకి పాత, కొత్త తేడా లేదు. ఆ వస్తువు కోసం మీరు నిజంగా ఎంత ఇచ్చారో అదే దాని విలువ. ఇరవై ఏళ్లు వాడారు కాబట్టి ఇంత తరుగు తీసేద్దాం అనే పద్ధతి లేదు. జర్మనీలోనే ఒక దుకాణంలో సెకండ్‌హ్యాండ్ వస్తువు కొంటే, దుకాణదారు తనకి మిగిలిన లాభం మీద మాత్రమే వ్యాట్ కట్టే వీలుంది. బయటి దేశం నుంచి మనం తెప్పించుకునేదానికి ఆ వెసులుబాటు రాదు.

ఒకప్పుడు 22 యూరోల లోపు పార్శిల్‌కి వ్యాట్ ఉండేది కాదు. 2021 జూలై 1న అది తీసేశారు. ఇప్పుడు 150 యూరోల లోపు వస్తువుకి సుంకం లేదు గానీ వ్యాట్ ఉంటుంది. పెద్ద వెబ్‌సైట్లలో కొంటే ఆ వ్యాట్ డబ్బు కట్టేటప్పుడే పట్టుకుంటారు. ఆ రసీదు దాచుకోండి, ఇక్కడ మళ్లీ అడిగితే చూపించాలి. ఈ 150 యూరోల మినహాయింపు కూడా సడలుతోంది. ఇలా వెబ్‌సైట్ల ద్వారా వచ్చే చిన్న పార్శిళ్లలో ఒక్కో రకం వస్తువుకి 3 యూరోల చొప్పున సుంకం 2026 జూలై 1 నుంచి వేయాలని ఈయూ దేశాలు 2025 డిసెంబరులో నిర్ణయించాయి.

చిన్న పార్శిళ్లలో అసలు దెబ్బ పన్నుది కాదు, దాని పైన పడే రుసుముది. 2024లో విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో మా చెల్లి ఏరి పంపిన పుస్తకాలు వచ్చాయి. పుస్తకాలకి సుంకం లేదు, వ్యాట్ 7 శాతమే. పుస్తకాలు 30 యూరోలు, పోస్టేజీ 20 యూరోలు కలిపి 50 మీద వ్యాట్ మూడున్నర యూరోలు. ఆ మూడున్నరని మన తరఫున ముందుగా కస్టమ్స్‌కి కట్టినందుకు పోస్టువాళ్లు తీసుకున్న రుసుము 6 యూరోలు! ఈ రుసుము పార్శిల్‌కి ఒక్కసారే పడుతుంది కాబట్టి, అప్పటినుంచి నేను పుస్తకాలు విడివిడిగా తెప్పించడం మానేసి, ఏడాదికోసారి ఒకే పెట్టెలో తెప్పిస్తున్నాను. ఎక్స్‌ప్రెస్ కొరియర్లయితే ఈ రుసుము ఇంకా ఎక్కువ. ధర అడిగేటప్పుడే “కస్టమ్స్ క్లియరెన్స్‌కి మీ చార్జీ ఎంత?” అని కూడా అడగండి.

అసలు లెక్క

ఇప్పుడు వీణ దగ్గరికి వద్దాం. అప్పుడు యూరో దాదాపు వంద రూపాయలు ఉంది, అలాగే లెక్క వేస్తాను. వీణ ధర 400 యూరోలు. నేను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి 400కి 19 శాతం వేసి, 76 యూరోలు పన్ను పడుతుంది అనుకుని ఊరుకున్నాను. నా పొరపాటు అక్కడే మొదలైంది.

పన్ను వస్తువు ధర ఒక్కదాని మీదే వేయరు. ధరకి ప్యాకింగ్, రవాణా, ఇన్సూరెన్స్ కలుపుతారు. ఆ మొత్తం మీద సుంకం వేస్తారు. తర్వాత ఆ సుంకాన్ని కూడా కలిపి, వచ్చిన మొత్తం మీద వ్యాట్ వేస్తారు. నా విషయంలో వీణ 400, ప్యాకింగ్ 60, విమానంలో రవాణా 275, ఇన్సూరెన్స్ 10. కలిపితే 745. తీగ వాద్యాలు కస్టమ్స్ పట్టికలో 9202 శీర్షిక కింద వస్తాయి, వీణకి సుంకం 3.2 శాతం. అది 23 యూరోల 84 సెంట్లు. ఇప్పుడు మొత్తం 768.84. దాని మీద 19 శాతం వ్యాట్ 146 యూరోల 8 సెంట్లు. రెండూ కలిపి దాదాపు 170 యూరోలు. వీణ ధరతో పోల్చి చూస్తే అది 42 శాతం పైమాటే. (నిజానికి విమాన చార్జీలో ఈయూ సరిహద్దు దాకా అయ్యే వాటా మీదే సుంకం వేస్తారు, మిగతాది వ్యాట్ దగ్గర కలుస్తుంది. 3.2 శాతం మీద ఆ తేడా చాలా తక్కువ కాబట్టి ఇక్కడ మొత్తం కలిపేశాను.)

ఇంకా ఉన్నాయి. పనికిరాక పారేసిన మొదటి చెక్కపెట్టె 40 యూరోలు, కొరియర్ వాళ్ల క్లియరెన్స్ చార్జీ 25, కాగితాలు తేలేదాకా గోడౌన్‌లో ఉంచినందుకు 30, డబ్బు పంపడానికి బ్యాంకు పట్టుకున్నది 10. అన్నీ కలిపితే 1,020 యూరోలు.

అందుకే కొనే ముందు ఒక కాగితం తీసి, ధర, ప్యాకింగ్, రవాణా, ఇన్సూరెన్స్, సుంకం, వ్యాట్, క్లియరెన్స్ అని ఏడు గడులు గీయండి. ఏ గడి ఖాళీగా ఉన్నా సరేనని చెప్పకండి. సుంకం ఎంతో ఈయూ వాళ్ల ‘టారిక్’ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ‘మ్యూజిక్’ అని కొడితే గందరగోళంగా ఉంటుంది, 9202 అని అంకె కొట్టండి. రూపాయల ధరని యూరోల్లోకి మార్చడానికి కస్టమ్స్ వాళ్లు నెలకోసారి ప్రకటించే రేటు వాడతారు, మీ బ్యాంకు రేటు కాదు. అక్కడ కొద్దిపాటి తేడా రావచ్చు.

పెట్టె సైజే బరువు

ఈ విషయం మాత్రం ప్రతి ఒక్కరికీ కూర్చోబెట్టి చెప్పాలనిపిస్తుంది.

మా వీణ పెట్టెతో సహా తూచితే 14 కిలోలు. బిల్లు 55 కిలోలకి వచ్చింది. నేను అన్నయ్యకి ఫోన్ చేసి, వాళ్లు మోసం చేస్తున్నారేమో అడగమన్నాను. మోసం ఏమీ లేదు. విమానంలో బరువుతో పాటు చోటుకి కూడా డబ్బు కట్టాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ గుణించి, 5,000తో భాగిస్తే వచ్చేదే కొరియర్ వాళ్ల లెక్కలో కిలోలు. మా పెట్టె 135, 45, 45. గుణిస్తే 2,73,375. 5,000తో భాగిస్తే 54.7. కిలో 500 రూపాయల చొప్పున 27,500 రూపాయలు. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు.

అంత పెద్ద పెట్టె ఎందుకైందంటే, సొరకాయ బుర్రని దండి నుంచి విప్పకుండా అలాగే ప్యాక్ చేశారు. బుర్ర మరతో బిగించి ఉంటుంది, తిప్పితే వచ్చేస్తుంది. దాన్ని విప్పి, గుడ్డలో చుట్టి, దండి కింద ఉన్న ఖాళీలో అడ్డంగా సర్ది ఉంటే పెట్టె 135, 40, 36కి దిగేది. అప్పుడు 39 కిలోలు, అంటే 19,500 రూపాయలు. ఒక్క మర విప్పనందుకు ఎనిమిది వేలు, దాని మీద వ్యాట్ కూడా. ప్యాక్ చేసేటప్పుడు ఎవరో ఒకరు మన మనిషి కొలత టేపు పట్టుకుని పక్కన నిలబడాలి.

ఎయిర్ కార్గోలో పంపితే సాధారణంగా 5,000 బదులు 6,000తో భాగిస్తారు. నా పెట్టె 46 కిలోలకి వచ్చేది. కాకపోతే కార్గోలో వస్తే ఇక్కడ ఎయిర్‌పోర్టులో సరుకు విడిపించడానికి ఏజెంటు కావాలి, వాళ్ల ఫీజు ఎక్కువ. ఒక్క వీణకి గిట్టుబాటు కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పించుకుంటే కార్గో మేలు. పోస్టాఫీసు అన్నిటికన్నా చవక, ముందు అక్కడే అడిగాం. కానీ పార్శిల్ పొడవుకీ చుట్టుకొలతకీ కలిపి వాళ్లకో హద్దుంది, మా పెట్టె అది దాటిపోయింది. వయొలిన్, వేణువు లాంటివి పోస్టులో వచ్చేస్తాయి.

ఇక ఆ పారేసిన చెక్కపెట్టె సంగతి. ఊళ్లో వడ్రంగి చేత అన్నయ్య గట్టి పెట్టె చేయించాడు, నాలుగు వేలు అయింది. విశాఖలో కొరియర్ ఏజెంటు దాన్ని తీసుకోనన్నాడు. పచ్చి చెక్కతో పురుగులు దేశాలు దాటకుండా అంతర్జాతీయ నియమం ఒకటుంది, దాని పేరు ఐఎస్‌పీఎం 15. ప్యాకింగ్‌కి వాడే చెక్కని లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, గోధుమ కంకి గుర్తుతో ముద్ర వేయాలి. ఈయూలోకి ముద్ర లేని చెక్క రాకూడదు. ప్లైవుడ్‌కి ఈ నియమం వర్తించదు. మళ్లీ ఆరు వేలు పెట్టి ప్లైవుడ్ పెట్టె చేయించాం. మొదటే వడ్రంగికి “మొత్తం ప్లైవుడ్డే, మూలల్లో కూడా పచ్చి చెక్క బద్దలు వద్దు” అని చెప్తే సరిపోయేది.

“గిఫ్ట్ అని రాసేద్దాం మేడమ్”

ఏజెంటు ఫోన్‌లో నాతో అన్న మాట ఇది. “గిఫ్ట్ అని రాసేద్దాం మేడమ్, ఐదు వేలు విలువ వేద్దాం, అందరికీ ఇలాగే పంపుతాం.” నేను వద్దనే అన్నాను. కానీ కాగితం పంపమని గట్టిగా అడగలేదు, చూడలేదు. పెట్టె ఇక్కడికి వచ్చాక చూస్తే కాగితం మీద ఉన్నది: బహుమతి, చెక్క హస్తకళా వస్తువు, ఐదు వేల రూపాయలు.

పార్శిల్ ఆగిపోయింది. కొనుగోలు బిల్లు, డబ్బు కట్టిన రుజువు పంపమని మెయిల్ వచ్చింది. నా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో టీచరుగారికి పంపిన నలభై వేలు కనబడుతున్నాయి, కాగితం మీద ఐదు వేలు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. చేయని తప్పుకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఉండే టెన్షన్ వేరు. తక్కువ విలువ చూపించడం ఇక్కడ పన్ను ఎగవేత కిందికి వస్తుంది. కాగితం రాసింది ఏజెంటే అయినా, సరుకు నా పేరున వచ్చింది. మర్నాడే నిజం అంతా రాసి పంపాను: నలభై వేలకి కొన్నాను, ఇది బదిలీ రసీదు, ఇది అమ్మినవారి చేతిరాత బిల్లు. టీచరుగారు డెబ్బై రెండేళ్ల వయసులో, సామాన్లు సర్దుకునే హడావిడిలో, తెల్లకాగితం మీద ఇంగ్లిష్‌లో బిల్లు రాసి సంతకం చేసి, ఫొటో తీయించి పంపారు. దాన్ని ఒప్పుకున్నారు. కాకపోతే ఇదంతా తేలేసరికి రెండు వారాలు, గోడౌన్ అద్దె 30 యూరోలు.

బహుమతి అనే మినహాయింపు నిజంగానే ఉంది. ఒక మనిషి ఇంకో మనిషికి డబ్బేమీ తీసుకోకుండా, ఎప్పుడో ఒకసారి పంపేదానికి, అదీ 45 యూరోల విలువ దాకా. అమ్మ పంపే ఆవకాయకి పనికొస్తుంది. డబ్బిచ్చి కొన్నది ఎవరు పంపినా బహుమతి కాదు.

బిల్లులో ఏం ఉండాలో చెప్తాను. అమ్మేవారి పేరు, చిరునామా, మీ పేరు, చిరునామా, తేదీ, ధర, సంతకం. వస్తువు వివరం దగ్గర ‘ఓల్డ్ ఐటమ్’, ‘హ్యాండీక్రాఫ్ట్’ లాంటి మాటలు వద్దు. ‘యూజ్డ్ సరస్వతి వీణ, స్ట్రింగ్డ్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్, జాక్‌వుడ్, బ్రాస్ ఫ్రెట్స్’ అని రాయాలి, సుమారుగా ఏ సంవత్సరంలో చేసిందో కూడా. ఏనుగు దంతం, జింక కొమ్ము లేవని ఒక వాక్యం చేర్చాలి. డబ్బు నగదుగా కాకుండా బ్యాంకు ద్వారానే పంపండి. అక్కడ కొరియర్‌లో ఇచ్చేవాళ్ల గుర్తింపు కార్డు అడుగుతారు. పెద్దవాళ్లని తిప్పకుండా, వీలైతే మన ఇంట్లోవాళ్ల పేరున పంపించండి, బిల్లు మాత్రం అమ్మినవారిదే ఉండాలి.

పాత వాద్యంలో దాగి ఉండేవి

దంతం సంగతి ఊరికే రాయలేదు. పాత వీణల్లో కుండ అంచున, దండి పొడవునా తెల్లని నగిషీ ఉంటుంది. ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేస్తారు. పాతవాటిలో దంతమో జింక కొమ్మో ఉండొచ్చు. అలాంటి వీణ ఇండియా నుంచి బయటికి పంపడం వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, ఇక్కడ కూడా పట్టుకుంటారు. జరిమానా ఒకెత్తు, వాద్యమే పోతుంది. మా టీచరుగారి వీణ నగిషీని అన్నయ్య చేత దగ్గరగా ఫొటోలు తీయించి, గొల్లపల్లిలో వీణలు చేసే ఒక పెద్దాయనకి చూపించాం. ప్లాస్టిక్ అని ఆయన నిర్ధారించాకే ముందుకెళ్లాం. ఈ ఒక్క పని మాత్రం నేను సరిగ్గా చేశాను.

కర్ర ఏదో కూడా తెలుసుకోండి. బొబ్బిలి వీణ పనస కాబట్టి చిక్కు లేదు. రోజ్‌వుడ్ జాతులు దాదాపు అన్నీ 2017 జనవరిలో సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలోకి వెళ్లాయి. తయారైన సంగీత వాద్యాలకి 2019 నవంబరు చివర్లో మినహాయింపు ఇచ్చారు. అయినా బిల్లులో కర్ర పేరు ఉంటే అడిగే ప్రశ్నలు తగ్గుతాయి.

వందేళ్లు దాటిన వాద్యమైతే దాన్ని పంపే ఆలోచనే మానుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన కళావస్తువుల్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. మీది అరవై, డెబ్బై ఏళ్లదై, చూడటానికి బాగా పాతగా ఉంటే, అది పురావస్తువు కాదని కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) దగ్గర సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అమ్మేవాళ్లు గొప్ప కోసం “మా ముత్తాతగారిది, నూట ఇరవై ఏళ్లది” అంటుంటారు. ఆ మాట నిజమో కాదో ముందే తేల్చుకోండి.

కొనే ముందు కుండలో పురుగు ఉందేమో చూడాలి. వీణని తెల్లటి గుడ్డ మీద రెండు రోజులు ఉంచమని అడగండి. గుడ్డ మీద సన్నటి పొడి రాలితే పురుగు పని చేస్తోందన్నమాట.

మెట్లు, మైనం

పెట్టె తెరిచిన రోజు నాకు బాగా గుర్తు. మూత తీయగానే తేనెమైనం వాసన, టీచరుగారి ముందుగది వాసన. మా అమ్మాయి గుర్రం (కుండ మీద తీగలు ఆనే వంతెన) చుట్టిన గుడ్డ విప్పుతోంది. నేను తీగ బిగించి, షడ్జమం మీద నుంచి నెమ్మదిగా పైకి వెళ్లాను. మధ్య స్థాయి బాగుంది. తార స్థాయికి వచ్చేసరికి షడ్జమం దాని కిందుండే కాకలి నిషాదంలా పలికింది. వంగి చూస్తే కుండ వైపు ఏడు మెట్లు (ఫ్రెట్స్) ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి.

వీణ మెట్లు మేకులతో కొట్టరు. తేనెమైనంలో మసి కలిపి కట్టిన నల్లటి గట్ల మీద 24 మెట్లు నిలబెడతారు. వేడి తగిలితే ఆ మైనం మెత్తబడుతుంది. రెండు వారాల ఆలస్యం, విశాఖ ఎండ, ఎక్కడో రేకుల షెడ్డు, ఏదైనా కారణం కావచ్చు. గిటార్ బాగుచేసేవాళ్లు ఇక్కడ వీధికొకరు ఉన్నారు. వీణ మెట్లు కట్టగలిగేవారు మాకు దగ్గర్లో ఎవరూ లేరు. గొల్లపల్లి పెద్దాయన వీడియో కాల్‌లో చెబుతుంటే, హెయిర్ డ్రయ్యర్‌తో మైనాన్ని కొద్దికొద్దిగా మెత్తబరిచి, ఒక్కో మెట్టూ శ్రుతి చూసుకుంటూ సరిచేసుకున్నాను. మూడు సాయంత్రాలు పట్టింది. “తొందరపడకమ్మా, మైనం ఆరాక మళ్లీ వాయించి చూడు” అని ఆయన ప్రతి మెట్టుకీ చెప్పారు.

పంపేటప్పుడు తీగలన్నీ వదులు చేయించండి, పూర్తిగా తీసేయకండి. గుర్రం తీసి విడిగా చుట్టండి. మెట్ల మీద మందంగా మడిచిన గుడ్డ పరిచి, దండి చుట్టూ కట్టు కట్టండి. వీలైతే నవంబరు, ఫిబ్రవరి మధ్యలో పంపండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ‘విరిగితే ఇస్తారా, పోతేనే ఇస్తారా’ అని రాతపూర్వకంగా అడగండి. వాడిన వస్తువుకి చాలామంది విరిగిన నష్టం ఇవ్వరు. ఇచ్చేవాళ్లు కూడా ప్యాకింగ్‌కి ముందు తీసిన ఫొటోలు అడుగుతారు. ఒకవేళ తిప్పి పంపాల్సి వస్తే, పంపే ముందే కస్టమ్స్‌కి చెప్పాలి. చెప్పకుండా పంపేస్తే కట్టిన పన్ను వెనక్కి రాబట్టడం చాలా కష్టం.

చేత్తో తెచ్చుకుంటే

మా అమ్మాయికి చిన్న వీణ కావాల్సి వచ్చింది. ఈసారి కొరియర్ మాటే ఎత్తలేదు. 2026 సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు ముప్పై ఐదు వేలకి ఒక పాత వీణ కొని నాతోనే తెచ్చుకున్నాను.

బయటి దేశం నుంచి విమానంలో వచ్చే ప్రయాణికులు సొంతానికి తెచ్చుకునే వస్తువులకి 430 యూరోల దాకా పన్ను లేదు. పదిహేనేళ్ల లోపు పిల్లలకైతే 175. ఈ 430 మీరు కొని తెచ్చే అన్నిటికీ కలిపి. చీరలు, వెండి కుంకుమభరిణె, చుట్టాల పిల్లలకి కొన్న బట్టలు, అన్నీ అందులోకే వస్తాయి. నేను ఈసారి చీరలు కొనలేదు. ఒక్క వస్తువే 430 దాటితే, దాటిన భాగం మీద కాకుండా మొత్తం ధర మీద పన్ను పడుతుంది. భార్యాభర్తల హద్దులు కలిపి ఒకే వస్తువుకి వాడుకోవడం కుదరదు. 700 యూరోల దాకా విలువుంటే లెక్కలేమీ లేకుండా ఎక్కువగా 17.5 శాతం ఒకే రేటు వేస్తారు. అంటే టీచరుగారి 400 యూరోల వీణని నేనే తెచ్చుకుని ఉంటే పన్ను సున్నా. సెలవు దొరకలేదని తొందరపడ్డాను.

విమానంలో మామూలు సామాను పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు, వీణ పెట్టె దాటుతుంది. టికెట్ కొన్న రోజే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, పెట్టె కొలతలు చెప్పి, పెద్ద సామానుగా రాయించాను. పన్నెండు వేలు తీసుకున్నారు. కౌంటర్ దగ్గరికి వెళ్లాక అడిగితే, చోటు లేదని వదిలేయమనే ప్రమాదం ఉంది. లోపల బట్టలు కూరి మెత్త కింద వాడాను. పక్కన నెయ్యి సీసా, పాలకోవా పెట్టకండి. పాల పదార్థాలు బయటినుంచి ఈయూలోకి తేకూడదు, వాటి కోసం పెట్టె తెరిస్తే వీణ కూడా బయటికొస్తుంది.

ఇక్కడ దిగాక, పన్ను కట్టాల్సిందేమీ లేనివాళ్లు వెళ్లే ఆకుపచ్చ దారిలో వస్తుంటే ఒక ఆఫీసర్ ఆపారు. అంత పెద్ద పెట్టె చూస్తే ఎవరైనా ఆపుతారు. బిల్లు, బదిలీ రసీదు చూపించాను. 430 యూరోల లోపే కదా అని చూసుకుని, పెట్టె తెరవమన్నారు. దండి చివర చెక్కిన యాళి (సింహం లాంటి బొమ్మ) ముఖాన్ని కాసేపు చూసి, ఇది ఎలా వాయిస్తారని అడిగారు. చెప్పాను. వెళ్లమన్నారు.

ఆ బిల్లులు రెండూ, మొదటి వీణకి కట్టిన పన్ను రసీదుతో సహా, ప్లాస్టిక్ కవర్లో పెట్టి వీణ సంచి జేబులోనే ఉంచుతున్నాను. నాలుగైదేళ్లకోసారి మెట్లు కొత్త మైనంతో కట్టించడానికి వీణ ఊరికి వెళ్లాల్సిందే. తిరిగి తెచ్చేటప్పుడు ఇది ఇక్కడినుంచే వెళ్లిందని రుజువు లేకపోతే, మళ్లీ కొత్తగా తెచ్చినట్టే లెక్క వేసే అవకాశం ఉంది. మరమ్మతుకి అక్కడ ఇచ్చిన డబ్బు మీద కూడా పన్ను అడగొచ్చు. అందుకే బయల్దేరే ముందే కస్టమ్స్ ఆఫీసుకి వీణ తీసుకెళ్లి, మరమ్మతుకి వెళ్తోందని చెప్పి కాగితం రాయించుకోవాలి. వచ్చే వేసవికి టీచరుగారి వీణ ప్రయాణం ఉంది. కుండ వెనక గుర్తులు, యాళి చెవి దగ్గర ఉన్న పాత గీత కనబడేలా ఫొటోలు నిన్ననే తీసి పెట్టాను.